మొక్కలలో కట్టడములను జూచిన ఉపాధ్యాయుడు: కార్ల్ బ్లాస్‌ఫెల్ట్

ఇనుప కమ్ములతో అల్లిన కిటికీని, రాతిస్తంభము తలమీది ఆకుల చెక్కడమును, శిఖరాగ్రమునందలి కలశమును జూచినప్పుడు, వానిని కల్పించిన పనివాని బుద్ధిని మనము మెచ్చుకొందుము. దారిప్రక్కన మొలచిన కలుపుమొక్క యెదుట నిలిచి చూచువారు మాత్రము అరుదు. ఈ రెంటికిని గల చుట్టరికమును లోకమునకు కన్నులార చూపిన మహనీయుడొకడు జర్మనీ దేశమున నుండెను. ఆయన పేరు కార్ల్ బ్లాస్‌ఫెల్ట్. ఛాయాచిత్రకళ చరిత్రలో ఆయన పేరు నేడు గొప్పవారి పేర్లతో కలిపి చెప్పబడుచున్నది; కాని ఆయన వృత్తి బడిలో పాఠము చెప్పుట. తన శిష్యుల కొరకు తీసిన చిత్రములే ఆయనకు కీర్తి తెచ్చినవి. విద్యార్థులకును, విద్య గరపువారికిని ఆయన చరిత్రము తెలియవలసినదని యెంచి మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

బ్లాస్‌ఫెల్ట్ 1865వ సంవత్సరము జూన్ 13వ తేదీన, జర్మనీ నడుమనున్న హార్జ్ కొండలలోని షీలో అను చిన్న గ్రామమున జన్మించెను. ఆ సీమ అడవులకును, గనులకును పేరు పొందినది. బడిచదువు ముగిసిన పిమ్మట ఆయన, ఇంకను బాల్యము వీడని ప్రాయముననే, సమీపమునందలి మేగ్డెస్‌ప్రుంగ్ అను చోటనున్న ఇనుప పోతపని కార్ఖానాలో పని నేర్చుకొనుటకు చేరెను. చిత్రమైన పోతసామగ్రి అచ్చట తయారగుచుండెను. ఇనుము కరగించి పోయుటకు ముందు మాదిరి యొకటి చేయవలెను; ఆ మాదిరిని ఇసుకలో నొత్తి అచ్చు తీయుదురు. మాదిరియందు ఆకు ఈనె తప్పుగా నున్నచో ఇనుమునందును అది తప్పుగనే నిలిచిపోవును. కావున ఆకును సరిగా చూడనివాడు ఆ పనికి తగడు. ఈ పాఠమును ఆ బాలుడు తన చేతులతో నేర్చుకొనెను.

1884వ సంవత్సరమున ఆయన బెర్లిన్ నగరమునకు బోయి, అలంకారకళల వస్తుప్రదర్శనశాలకు అనుబంధముగా నుండిన పాఠశాలలో చేరి, చిత్రలేఖనమును, శిల్పమును అభ్యసించెను. అచ్చట మోరిట్జ్ మోయిరర్ అను ఆచార్యుని దృష్టి ఈ విద్యార్థిపై బడినది. ఆ కాలమున యూరపు ఖండమందలి పనివారు పాత పుస్తకములలోని అలంకారములనే మరల మరల నకలు చేయుచుండిరి. నకలుకు నకలు చేయగా, అందలి ప్రాణము పోయి గీతలు మాత్రమే మిగిలియుండెను. పూర్వులు ఆ అలంకారములను ఏ మొక్కలను జూచి కల్పించిరో, ఆ మొక్కల యొద్దకే మరల పోవలెనని మోయిరర్ వాదము. ఈ పనికి ప్రష్యా ప్రభుత్వము ధనసహాయము చేసెను. ఆచార్యుడు రోము నగరమున నివాసమేర్పరచుకొని కొందరు యువకులను సహాయులుగా రావించుకొనెను. బ్లాస్‌ఫెల్ట్ వారిలో నొకడు.

1890వ సంవత్సరము మొదలు కొన్ని యేండ్లు ఆయన ఇటలీ, గ్రీసు దేశములలోను, ఉత్తర ఆఫ్రికాలోను తిరిగి మొక్కలను సేకరించెను. వానిని ఎండబెట్టుట, వాని రూపమున అచ్చులు పోయుట ఆయన పని. గ్రీకుల దేవాలయ స్తంభములలో కొన్నింటి తలలపై వంపులు తిరిగిన పెద్ద ఆకులు చెక్కబడియుండును. ఆకాంథసు అను మొక్క ఆకు వానికి మూలమని ప్రసిద్ధి. రాతిలోని ఆకును, చేతిలోని ఆకును ఒకదాని ప్రక్క నొకటి పెట్టి చూచినప్పుడు, పూర్వశిల్పి దేనిని గ్రహించెనో, దేనిని విడిచెనో తెలియును. ఆ దినములలోనే బ్లాస్‌ఫెల్ట్ కెమెరాను చేబట్టెను. ఏలయన మొక్క వాడిపోవును. అచ్చు పోసినచో సూక్ష్మమైన నూగు, ఈనెలు చెడిపోవును. బొమ్మ గీచినచో గీచువాని అలవాటు అందు చొరబడును. ఛాయాచిత్రము ఈ దోషములను చాలవరకు తప్పించును.

బెర్లిన్ నగరమునకు తిరిగివచ్చిన పిమ్మట, 1898 ప్రాంతమున, తాను చదివిన పాఠశాలలోనే ఆయనకు ఉద్యోగము దొరకెను. సజీవమైన మొక్కలను జూచి ప్రతిమలు చేయుట ఆయన బోధించిన విషయము. అది మొదలు 1930వ సంవత్సరము వరకు, ముప్పది యేండ్లకు పైగా, ఆయన ఆ యొక్క విషయమునే బోధించెను. ఇనుపపనివారు, వడ్రంగులు, నగిషీ చెక్కువారు కాగోరినవారు ఆయన శిష్యులు. తరగతిలో ఆయనకొక చిక్కు కలిగెను. మొగ్గ విచ్చుకొను రీతిని చూపవలెనన్న అది గోరంత యుండును. వెనుక బల్లలపై కూర్చున్నవానికి అది కనబడదు. చేతులు మారులోపల నలిగిపోవును. చలికాలమున దొరకనే దొరకదు. కావున చిన్న మొక్క భాగములను పెద్దవిగా తీసి, తెరమీద వెలుగుబొమ్మలుగా చూపి పాఠము చెప్పుట ఆరంభించెను.

ఆ చిత్రములను తీసిన విధానము వినదగినది. ఆయన కెమెరా కొయ్యతో స్వయముగా చేసికొన్నది. సామాన్యముగా దూరపు వస్తువును తీయునప్పుడు కెమెరా ముందరి అద్దమునకును, వెనుకనున్న గాజుపలకకును నడుమ దూరము కొంచెమే యుండును. మడతల తిత్తిని సాగదీసి ఆ దూరమును రెట్టింపు చేసి, వస్తువును దగ్గరకు జరిపినచో, పలకపై బడు బింబము వస్తువంతయే యగును. ఇంకను సాగదీసినచో వస్తువును మించును. అయితే బింబము పెరుగుకొలది వెలుతురు పలుచనగును. వస్తువంత బింబమునకు 4 రెట్లు, దానికి రెండింతల బింబమునకు 9 రెట్లు ఎక్కువ కాలము పలకకు వెలుతురు చూపవలెను. దగ్గరి వస్తువు అన్ని వైపుల స్పష్టముగా బడవలెనన్న వెలుతురు చొచ్చు రంధ్రమును మిక్కిలి చిన్నది చేయవలెను. అప్పుడు కాలము మరింత పెరుగును. అన్ని నిమిషములును ఆ లేత కాడ కదలరాదు. కావున ఆయన మొక్కను గదిలోనికి దెచ్చి, వెనుక తెల్లనిదో బూడిదవన్నెదో అట్టను నిలిపి, మెత్తని పగటి వెలుతురులో చిత్రము తీయుచుండెను. ఈ పద్ధతిని ఆయన జీవితకాలమంతయు మార్చలేదు. ఇట్లు తీసిన చిత్రములు 6,000 వరకు నుండునని చెప్పుదురు.

తోటలలోని మేలైన పూవులకొరకు ఆయన వెదకలేదు. దారుల ప్రక్కలను, రైలుకట్టల మీదను, బీడు నేలలయందును మొలచినవానినే యెక్కువగా ఏరి తెచ్చెను. ఇంగ్లీషువారు గుఱ్ఱపుతోక యని పిలుచు మొక్క యొకటి కలదు. దానికి చెప్పుకొనదగిన ఆకులు లేవు. కణుపు కణుపునకు ఒరవంటి పట్టెయుండు పచ్చని కాడ మాత్రమే. దాని కొనను 25 రెట్లు పెంచి చూపగా, అంతస్తులు దీరిన స్తంభమొకటి కనులయెదుట నిలిచినది. ముడుచుకొన్న ఫెర్ను చివురు మఠాధిపతి చేతికఱ్ఱ వంపువలె నున్నది. గసగసాల కాయ మూతపెట్టిన భరిణెవలె నున్నది. వత్సనాభి జాతి మొక్క లేచివురు చేతులెత్తి నాట్యమాడు స్త్రీవలె నున్నది. గుమ్మడి నులితీగలు నేర్పరియగు కమ్మరి వంచిన ఇనుపకమ్ములవలె నున్నవి. నులితీగలను మనలో చూడనివారు లేరు; చూచి నిలిచినవారు ఎందరో మేము చెప్పజాలము.

ఈ పోలికలు కేవలము కంటికి వింతలేనా, వీనికి కారణము కలదా యని చదువరులు అడుగవచ్చును. కొన్ని పోలికలు పెంచి చూచుట వలన కలిగిన భ్రాంతులే యని ఒప్పుకొనవలెను. కొన్నింటికి మాత్రము గట్టి కారణము కలదు. గుఱ్ఱపుతోక కాడ లోపల బోలు. వెలుపల నిలువు గాళ్లు. నడుమ నడుమ కణుపులు. తక్కువ పదార్థముతో ఎక్కువ బలము సంపాదించుటకు ఇది మంచి యుపాయము. ఇంజనీర్లు గొట్టపు స్తంభములను నిలుపుటయు ఇందుకే. గుమ్మడి నులితీగ ఆధారమును చుట్టుకొన్న పిమ్మట తానే చుట్టలు చుట్టలుగా ముడుచుకొని, నడుమ నొకచోట చుట్ల దిశను మార్చుకొనును. అందువలన అది పురి తెగక, గాలికి సాగి మరల ముడుచుకొను స్ప్రింగుగా పనిచేయును. అందము వేరు, ఉపయోగము వేరు అను భేదము ఈ తీగయందు కానరాదు. మొక్కను కట్టడముగా, కళారూపముగా చూడవలెనని బ్లాస్‌ఫెల్ట్ తుదివరకు నమ్మెను. మొక్కను గుడ్డిగా నకలు చేయుమని ఆయన చెప్పలేదు. అది నిలుచు తీరును తెలిసికొనుటే ఆయన కోరినది.

ఇచ్చట సత్యమునకు సంబంధించిన మాట యొకటి చెప్పక తప్పదు. బ్లాస్‌ఫెల్ట్ మొక్కను ఉన్నదున్నట్లు తీయలేదు. రూపమునకు అడ్డువచ్చు ఆకులను కత్తిరించెను, రేకులను గిల్లివేసెను, కాడలను తనకు కావలసిన రీతిని నిలిపెను, గాజుపలకలపై దిద్దుబాటులును చేసెను. వేరు, మన్ను, ఋతువు ఆ చిత్రములలో కనబడవు. వృక్షశాస్త్రము నేర్చుకొనువారు వానినే ప్రమాణముగా గొనినచో చిక్కుపడుదురు. కెమెరా అబద్ధమాడదని నమ్ముట ఎంత పొరపాటో దీనివలన తెలియును. అయినను మేమాయనను తప్పుపట్టజాలము. అడ్డమైనది తొలగించి ముఖ్యమైనది చూపుట బోధించువాని ధర్మము. ఆయన లేని ఈనెను కల్పింపలేదు. ఉన్న ఈనె కనబడునట్లు చేసెను. చూచువారు ఆ భేదమును మరువకున్న చాలును.

ముప్పది యేండ్లు ఈ చిత్రములు తరగతి గది దాటి ఎక్కువగా పోలేదు. 1926వ సంవత్సరమున కార్ల్ నియెరెన్‌డార్ఫ్ అను చిత్రవర్తకుడు బెర్లిన్ నగరమందలి తన శాలలో వీనిని ప్రదర్శించెను. 1928వ సంవత్సరమున, వాస్తుగ్రంథములకు పేరుపొందిన వాస్ముట్ అను ప్రకాశకులు 120 చిత్రములతో నొక గ్రంథమును వెలువరించిరి. కళయొక్క ఆదిరూపములు అని దాని పేరునకు అర్థము. ఆ గ్రంథము వలన, అరువది యేండ్లు దాటిన ఆ ఉపాధ్యాయుడు ఒక్కసారిగా లోకప్రసిద్ధుడయ్యెను. వాల్టర్ బెంజమిన్ వంటి విమర్శకులు దానిని మెచ్చిరి. మరుసటి యేడు ఇంగ్లీషు ప్రతియు వెలువడినది. స్టుట్‌గార్ట్ నగరమందలి గొప్ప ఛాయాచిత్ర ప్రదర్శనములో ఆయన చిత్రములకు స్థానము లభించెను.

అయితే ఈ కీర్తిలో నొక విషాదము కలదు. ఆయన చిత్రములు తీసినది పనివారు మంచి అలంకారములు కల్పించుట కొరకు. కీర్తి వచ్చునాటికి కాలము మారినది. అలంకారము వలదు, చదునైన గోడయు సూటియైన గీతయు చాలునని జర్మనీలోని క్రొత్త శిల్పులు చెప్పుచుండిరి. కావున ఆయన పాఠము పాతబడినదని అనుకొన్నవారుండిరి. పాఠము కొరకు తీసిన చిత్రములను మాత్రము ఆ క్రొత్తవారే నెత్తిన బెట్టుకొనిరి. నిర్మలమైన రూపము, వృథాయైన గీత లేకుండుట, వస్తువును వస్తువుగా చూపుట వారి ఆదర్శములు. అవి యన్నియు ఆ చిత్రములలో వారికి దొరకినవి. తాను విత్తినది యొకటి, పండినది మరియొకటి. ఇట్టి పంటను చూచి సంతోషించుటయా, చింతించుటయా యని మేమాలోచించితిమి. విత్తినవాడు శ్రద్ధతో విత్తినందుననే పండినదని మాకు తోచుచున్నది.

1930వ సంవత్సరమున ఆయన ఉద్యోగము చాలించెను. 1932వ సంవత్సరమున ప్రకృతియొక్క అద్భుతోద్యానమను అర్థము గల రెండవ గ్రంథమును ప్రకటించెను. ఆ యేడు డిసెంబరు 9వ తేదీన బెర్లిన్ నగరమున పరమపదించెను. ఆయన తీసిన చిత్రములు నేటికిని ప్రపంచమునందలి గొప్ప చిత్రశాలలలో ప్రదర్శింపబడుచున్నవి. వాస్తుశిల్పము నేర్చువారు, నగలు చేయువారు, బట్టలపై అద్దకములు వేయువారు వానిని తిరుగవేయుచునే యున్నారు.

ఆయన యంత్రము సామాన్యమైనది. వస్తువులు మరింత సామాన్యమైనవి. ఆయనకు దండిగా నుండినవి ఓర్పును, శిష్యునికి చూపవలెనను కోరికయు. ప్రియ విద్యార్థులారా, మీకు కెమెరా ఉండనిండు, ఉండకపోనిండు. రేపు పాఠశాలకు వచ్చునప్పుడు గోడప్రక్కన మొలచిన గడ్డికాడ నొకదానిని త్రుంచి, దాని కణుపును వెలుతురునకు పట్టి చూడుడు. అది యెట్లు నిలిచియున్నదో మీ ప్రక్కవానికి చెప్పగలిగినచో, ఈ ఉపాధ్యాయుని తరగతిలో మీరును ఒకనాడు కూర్చున్నట్లే.