మనం మరచిన మహనీయుడు: డా. యల్లాప్రగడ సుబ్బారావు

కణానికి శక్తినిచ్చే ఏ.టి.పి. గురించి ఇంటర్లో మేమంతా బట్టీ పట్టినవాళ్ళమే. దాన్ని కనుక్కున్న వారిలో ఒకరు మన భీమవరంలో పుట్టారని మాత్రం పీజీకి వచ్చేదాకా మాకు తెలియదు. ఆయనే డా. యల్లాప్రగడ సుబ్బారావు గారు.

1895 జనవరి 12న పేద కుటుంబంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్లో చదివి గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు తెల్లదొర ప్రొఫెసరుకు కోపం వచ్చింది. చివరికి ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. అనే తక్కువ పట్టా చేతికిచ్చారు. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్ది రోజుల తేడాలో కన్నుమూశారు.

1923లో మామగారి సాయంతో అమెరికాలోని బోస్టన్ చేరారు. రాత్రిళ్ళు ఆసుపత్రిలో చిన్న పని చేస్తూ హార్వర్డ్‌లో చదువుకున్నారు. 1929లో ఫిస్క్ గారితో కలిసి ఏ.టి.పి.ని కనుక్కున్నారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుక్కున్నారు. ఇంత చేసినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దొరకలేదు. 1940లో న్యూయార్క్ దగ్గరి లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారు చేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూ జబ్బుకు కూడా ఆ విటమిన్ పనిచేసింది.

అసలు కథ ఇక్కడే మొదలైంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ల్యుకేమియా, అంటే రక్త క్యాన్సర్, వచ్చిన పిల్లలకు ఫోలిక్ యాసిడ్ రకం మందులిచ్చి చూస్తే జబ్బు మరింత పెరిగినట్టు కనిపించింది. అలాగైతే దానికి అడ్డుపడే పదార్థం ఇస్తే జబ్బు తగ్గాలి కదా! సుబ్బారావు గారి బృందం అలాంటి మందు అమినోప్టెరిన్‌ను తయారు చేసి పంపింది. ఆ తర్వాత వచ్చిన దాని తమ్ముడే మెథోట్రెక్సేట్.

కణం రెండుగా చీలే ముందు డి.ఎన్.ఏ.కు నకలు రాసుకోవాలి. అందుకు థైమిన్ కావాలి. ఫోలిక్ యాసిడ్‌ను ఒక ఎంజైము పనికొచ్చే రూపంలోకి మారిస్తేనే థైమిన్ తయారవుతుంది. మందు చూడడానికి ఫోలిక్ యాసిడ్‌లాగే ఉంటుంది కాబట్టి ఆ ఎంజైముకు అతుక్కుని పని ఆపేస్తుంది. నకలు మధ్యలో ఆగి డి.ఎన్.ఏ. దెబ్బతింటుంది. ఆ దెబ్బను గుర్తించిన కణం తనంతట తానే చనిపోతుంది.

1948లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించారు. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. కానీ కొన్ని నెలలకే తిరగబెట్టింది. అదే ఏడాది ఆగస్టులో, 53 ఏళ్ళకే, సుబ్బారావు గారు నిద్రలోనే వెళ్ళిపోయారు.

జబ్బు ఎందుకు తిరగబెట్టిందో తర్వాతి తరాలు తెలుసుకున్నాయి. కొన్ని క్యాన్సర్ కణాలు మందు లోపలికి వచ్చే దారిని మూసేస్తాయి. కొన్ని ఆ ఎంజైము జన్యువుకు అనేక నకళ్ళు చేసుకుని, మందు చాలనంత ఎంజైమును తయారు చేస్తాయి. దీన్ని 1978లో రాబర్ట్ షిమ్కీ బృందం నిరూపించింది. దెబ్బను పసిగట్టే పి-53 అనే కాపలాదారు చెడిపోయిన కణాలైతే దెబ్బతిన్నా చావకుండా పెరుగుతూనే ఉంటాయి. ఒక మందును తప్పించుకున్న కణం ఇంకో మందుకు దొరకాలని డాక్టర్లు నాలుగైదు మందులు కలిపి ఇవ్వసాగారు. ఇప్పుడు మంచి వైద్యం అందేచోట, పిల్లల్లో ఎక్కువగా వచ్చే రకం ల్యుకేమియాలో పదిమందికి దాదాపు తొమ్మిదిమంది బతుకుతున్నారు. ఆ మందుల్లో మెథోట్రెక్సేట్ నేటికీ ఉంది.

తమ్ముళ్ళూ, మేము మా ఇళ్ళల్లో డిగ్రీ చూసిన మొదటి వాళ్ళం. మన ఊళ్ళలో ఒంట్లో కాస్త నెమ్మదించగానే మందులు ఆపేసి, ఆసుపత్రి ఖర్చు తప్పిందనుకుంటారు. పైకి తగ్గినట్టున్నా లోపల మిగిలిన నాలుగు కణాలే మళ్ళీ పెరుగుతాయి. డాక్టరు చెప్పిందాకా మందు ఆపకూడదని సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు అమ్మానాన్నలకు చెప్పండి. అలాగే ఈసారి పరీక్ష తప్పిన వాళ్ళు పెట్టె సర్దుకోకండి. మూడోసారి పాసైన కుర్రాడి మందు ఇవాళ ఎందరో పిల్లల ప్రాణం నిలుపుతోంది.