దౌలత్ సింగ్ కొఠారి

దౌలత్ సింగ్ కొఠారి (జూలై 6, 1906 - ఫిబ్రవరి 4, 1993) ప్రముఖ భారతీయ భౌతిక శాస్త్రవేత్త, విద్యావేత్త. డి.ఎస్.కొఠారిగా సుపరిచితుడు. 1964-66 నాటి విద్యా కమిషన్‌కు ఆయన అధ్యక్షుడు. అందువలన అది కొఠారి కమిషన్ అనే పేరుతోనే ప్రసిద్ధి చెందింది. దేశంలోని ప్రతి విద్యార్థీ పదవ తరగతి వరకు విజ్ఞానశాస్త్రాన్ని, గణితాన్ని తప్పనిసరిగా అభ్యసించాలని ఈ కమిషన్ సిఫారసు చేసింది. నేటి పాఠశాల విద్యాప్రణాళికకు ఆ సిఫారసు ముఖ్యమైన పునాది.

బాల్యం, విద్యాభ్యాసం

కొఠారి రాజస్థాన్‌లోని ఉదయపూర్‌లో ఒక జైన కుటుంబంలో జన్మించాడు. తండ్రి ఉపాధ్యాయుడు. 1918లో తండ్రి మరణించడంతో కుటుంబం ఇబ్బందుల పాలైంది. తండ్రి మిత్రుడైన సిరేమల్ బాప్నా ఆదరణతో ఇందూరులో చదువు కొనసాగించి 1922లో మెట్రిక్యులేషన్ పూర్తిచేశాడు. ఆ తరువాత ఉదయపూర్‌లో ఇంటర్మీడియట్ చదివాడు. మేవాడ్ సంస్థానం మంజూరు చేసిన విద్యార్థివేతనంతో అలహాబాదు విశ్వవిద్యాలయంలో చేరి, మేఘనాథ్ సాహా శిష్యుడిగా 1928లో ఎమ్మెస్సీ పట్టా పొందాడు. 1930లో ఇంగ్లండు వెళ్ళి, కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలలో పరిశోధన చేసి 1933లో డాక్టరేట్ సాధించాడు. ఆ కాలంలో ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్ ఆ ప్రయోగశాలకు అధిపతి. ఆర్.హెచ్.ఫౌలర్‌తో కలిసి పనిచేసే అవకాశం కూడా కొఠారికి అక్కడే లభించింది.

భౌతికశాస్త్ర పరిశోధనలు

1934లో కొఠారి ఢిల్లీ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విభాగంలో రీడరుగా చేరాడు. 1942లో ప్రొఫెసర్ అయ్యాడు. చిన్నదిగా ఉన్న ఆ విభాగాన్ని దేశంలోని ముఖ్య పరిశోధన కేంద్రాలలో ఒకటిగా తీర్చిదిద్దాడు. సాంఖ్యక ఉష్ణగతిక శాస్త్రం, శ్వేత కుబ్జ తారల సిద్ధాంతం ఆయన ప్రధాన పరిశోధనాంశాలు. పదార్థంపై పీడనం అత్యధికమైనపుడు, ఉష్ణోగ్రత తక్కువగా ఉన్నప్పటికీ, పరమాణువుల నుంచి ఎలక్ట్రానులు విడిపోతాయి. పీడన అయనీకరణం అని పిలిచే ఈ ప్రక్రియను ఆయన విశ్లేషించాడు. దీని ఆధారంగా, చల్లని ఖగోళ గోళం పరిమాణానికి ఒక గరిష్ఠ పరిమితి ఉంటుందనీ, అది సుమారుగా బృహస్పతి గ్రహమంత ఉంటుందనీ వివరించాడు. ద్రవ్యరాశి ఆ పరిమితిని దాటి పెరిగితే గోళం విస్తరించదు, కుంచించుకుపోతుంది.

ప్రభుత్వ బాధ్యతలు

1948లో రక్షణ మంత్రిత్వ శాఖకు శాస్త్ర సలహాదారుగా నియమితుడై 1961 వరకు ఆ బాధ్యత నిర్వర్తించాడు. రక్షణ పరిశోధనా వ్యవస్థకు పునాదులు వేసిన వారిలో ఆయన ఒకడు. అణు విస్ఫోటనాల ప్రభావాలపై ఆయన సంపాదకత్వంలో 1956లో ఒక గ్రంథం వెలువడింది. 1961 నుంచి 1973 వరకు విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) అధ్యక్షుడిగా పనిచేశాడు. ఉన్నత అధ్యయన కేంద్రాల పథకం ఆ కాలంలోనే ఆరంభమయింది. పాఠశాల, కళాశాల ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్రంలో వేసవి శిక్షణ శిబిరాలు కూడా 1963 నుంచి మొదలయ్యాయి.

విద్యా కమిషన్

కేంద్ర ప్రభుత్వం 1964 జూలైలో విద్యా కమిషన్‌ను నియమించింది. అది అదే సంవత్సరం అక్టోబరు 2న పని ప్రారంభించి, 1966 జూన్ 29న నివేదిక సమర్పించింది. జె.పి.నాయక్ సభ్య కార్యదర్శి. వ్యవసాయ శాస్త్రవేత్త బి.పి.పాల్, అమెరికా సముద్ర శాస్త్రవేత్త రోజర్ రెవెల్ సభ్యులలో ఉన్నారు. అంతకు పూర్వం నియమించిన సంఘాలు విశ్వవిద్యాలయ విద్యనో, మాధ్యమిక విద్యనో మాత్రమే పరిశీలించగా, ఈ కమిషన్ ప్రాథమిక దశ నుంచి ఉన్నత విద్య వరకు మొత్తం వ్యవస్థను సమగ్రంగా పరిశీలించింది.

విజ్ఞానశాస్త్ర బోధనకు సంబంధించి కమిషన్ చేసిన ముఖ్య సూచనలు ఇవి:

- పదేళ్ళ పాఠశాల విద్యలో విజ్ఞానశాస్త్రం, గణితం బాలబాలికలందరికీ తప్పనిసరి. పదవ తరగతి ముగిసేవరకు విద్యార్థులను ప్రత్యేక శాఖలుగా విభజించరాదు.
- దిగువ ప్రాథమిక తరగతులలో బోధన పిల్లల పరిసరాలతో ముడిపడి ఉండాలి. తరగతి గదిలో నమూనాలు, పటాలు ఉంచే విజ్ఞాన మూల ఉండాలి.
- కొలతల సంకేతాలు, పటాలు, పట్టికలు అర్థమయ్యేందుకు నాలుగవ తరగతిలో రోమన్ అక్షరాలు నేర్పాలి.
- ఎగువ ప్రాథమిక పాఠశాలకు ప్రయోగశాలగా కూడా ఉపయోగపడే తరగతి గది ఒకటైనా ఉండాలి.
- బోధనలో ప్రయోగ పద్ధతికి ప్రాధాన్యం ఇవ్వాలి.
- గ్రామాలలో విజ్ఞానశాస్త్రాన్ని వ్యవసాయంతోనూ, పట్టణాలలో సాంకేతికతతోనూ అనుసంధించాలి. అయితే సాధించవలసిన స్థాయి, పైచదువుల అవకాశాలు రెండుచోట్లా సమానంగా ఉండాలి.

వీటిలో చివరి సూచన ప్రత్యేకంగా గమనించదగినది. పల్లె పిల్లలకు వ్యవసాయం పేరుతో తక్కువ స్థాయి చదువు చెప్పే ప్రమాదాన్ని అది ముందుగానే నివారించదలచింది.

ప్రతిభాన్వేషణ, వైజ్ఞానిక ప్రదర్శనలు

కమిషన్ ఏర్పాటయ్యే నాటికే ప్రతిభగల విద్యార్థులను గుర్తించే ప్రయత్నం మొదలైంది. 1961లో ఏర్పడిన జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎన్.సి.ఇ.ఆర్.టి.) 1963లో విజ్ఞానశాస్త్ర ప్రతిభాన్వేషణ పథకాన్ని ఢిల్లీలో 10 విద్యార్థివేతనాలతో ప్రారంభించింది. 1964లో దానిని 350 విద్యార్థివేతనాలతో దేశమంతటికీ విస్తరించింది. విద్యార్థి పరీక్ష రాయడమే గాక, సొంతంగా చేసిన ఒక ప్రాజెక్టుపై నివేదిక కూడా సమర్పించవలసి ఉండేది. కాని తొలి సంవత్సరాలలో పరీక్షా మాధ్యమం ఆంగ్లమే కావడం వలన, మాతృభాషలో చదివిన గ్రామీణ విద్యార్థులకు ఇది అందుబాటులో లేకపోయింది. 1976లో ఈ పథకాన్ని ఇతర విషయాలకు కూడా విస్తరించి జాతీయ ప్రతిభాన్వేషణగా మార్చారు.

పోటీ పరీక్షలతో పోలిస్తే విద్యార్థుల వైజ్ఞానిక ప్రదర్శనలు ఎక్కువమందికి అవకాశం కల్పించాయి. బాలల జాతీయ వైజ్ఞానిక ప్రదర్శనను ఎన్.సి.ఇ.ఆర్.టి. 1971లో ప్రారంభించింది. 1988లో దానికి జవహర్‌లాల్ నెహ్రూ పేరు పెట్టారు. పాఠశాలలో నమూనా తయారుచేసిన విద్యార్థి జిల్లా, రాష్ట్ర స్థాయిలను దాటి జాతీయ స్థాయికి చేరవచ్చు. ప్రయోగశాల లేని పాఠశాలలో అనేకమంది పిల్లలు తమ చేతులతో ఒక పరికరాన్ని అమర్చే సందర్భం ఇదే అయింది.

అమలు, పరిమితులు

1968 నాటి జాతీయ విద్యావిధానం పాఠశాల విద్యలో విజ్ఞానశాస్త్రాన్ని, గణితాన్ని అంతర్భాగంగా అంగీకరించింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా రాష్ట్రాలు క్రమంగా పదేళ్ళ పాఠశాల విద్య, ఆపై రెండేళ్ళ ఇంటర్మీడియట్ పద్ధతిని అవలంబించాయి. అయితే విద్యపై వ్యయం 1985-86 నాటికి జాతీయాదాయంలో 6 శాతానికి చేరాలన్న లక్ష్యం నెరవేరలేదు. విజ్ఞానశాస్త్రం పాఠ్యాంశంగా ప్రతి పాఠశాలకూ చేరినా, ప్రయోగశాలలు అదే వేగంతో చేరలేదు. ఫలితంగా ప్రయోగాలను చేయడానికి బదులు కంఠస్థం చేసే స్థితి చాలాచోట్ల ఏర్పడింది.

ఈ లోపాన్ని సరిదిద్దే ప్రయత్నాలలో హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమం పేర్కొనదగినది. 1972లో మధ్యప్రదేశ్‌లోని 16 మాధ్యమిక పాఠశాలలలో రెండు స్వచ్ఛంద సంస్థలు దీనిని ప్రారంభించాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయ అధ్యాపకులు కూడా ఇందులో పాల్గొన్నారు. తక్కువ ఖర్చు పరికరాలతో పిల్లలే ప్రయోగం చేసి, ఫలితాన్ని చర్చించి, నిర్ణయానికి రావడం దీని పద్ధతి. 2002లో రాష్ట్ర ప్రభుత్వం ఈ కార్యక్రమాన్ని నిలిపివేసింది.

భారతీయ భాషలు

ఉన్నత విద్య భారతీయ భాషలలో సాగాలని కొఠారి అభిలషించాడు. 1961లో ఏర్పడిన శాస్త్ర, సాంకేతిక పరిభాషా సంఘానికి ఆయన తొలి అధ్యక్షుడు. సివిల్ సర్వీసుల నియామక విధానంపై ఆయన అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1976లో నివేదిక ఇచ్చింది. దాని ఫలితంగా 1979 నుంచి అభ్యర్థులు తెలుగుతో సహా రాజ్యాంగం గుర్తించిన భారతీయ భాషలలో ప్రధాన పరీక్ష రాసే వీలు కలిగింది.

గౌరవాలు, చివరి దశ

1963లో ఢిల్లీలో జరిగిన భారత సైన్స్ కాంగ్రెస్ స్వర్ణోత్సవ సమావేశానికి కొఠారి అధ్యక్షత వహించాడు. భారత ప్రభుత్వం ఆయనను 1962లో పద్మభూషణ్‌తోనూ, 1973లో పద్మవిభూషణ్‌తోనూ సత్కరించింది. 1993 ఫిబ్రవరి 4న జైపూర్‌లో మరణించాడు. యు.జి.సి. ఆయన పేరిట డాక్టరేట్ అనంతర పరిశోధకులకు ఫెలోషిప్పులు నెలకొల్పింది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఒక వసతిగృహానికి ఆయన పేరు పెట్టారు.