థామస్ బేయీజ్

థామస్ బేయీజ్ (సుమారు 1701 - ఏప్రిల్ 7, 1761) ఇంగ్లండుకు చెందిన క్రైస్తవ మతబోధకుడు, గణిత శాస్త్రవేత్త. ఇంటర్మీడియట్ గణితంలో సంభావ్యత పాఠంలో విద్యార్థులు చదువుకొనే బేయీజ్ సిద్ధాంతం ఈయన పేరు మీదనే ప్రసిద్ధి చెందింది. అయితే దానికి మూలమైన వ్యాసాన్ని ఈయన తన జీవితకాలంలో ప్రచురించలేదు.

జీవితం

తండ్రి జాషువా బేయీజ్ లండనులో ప్రెస్బిటేరియన్ మతబోధకుడు. ఇంగ్లండు అధికారిక చర్చికి చెందనివారికి ఆ రోజులలో ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాలలో పట్టా పొందే వీలు లేదు. అందువలన బేయీజ్ 1719లో స్కాట్లండులోని ఎడింబరో విశ్వవిద్యాలయంలో చేరి తర్కశాస్త్రం, మతశాస్త్రం అభ్యసించాడు. కొంతకాలం తండ్రికి సహాయకుడిగా ఉండి, 1730వ దశకంలో టన్‌బ్రిడ్జ్ వెల్స్ పట్టణంలో మతబోధకుడయ్యాడు. 1736లో పేరు లేకుండా వెలువరించిన గ్రంథంలో న్యూటన్ కలన గణితాన్ని జార్జి బర్క్‌లీ విమర్శలకు వ్యతిరేకంగా సమర్థించాడు. 1742లో రాయల్ సొసైటీ సభ్యుడిగా ఎన్నికయ్యాడు.

సంభావ్యతపై వ్యాసం

పాచిక వేస్తే ఆరు పడే సంభావ్యత ఎంత అన్న ప్రశ్నకు బేయీజ్ కంటే ముందే సమాధానం ఉంది. బేయీజ్ ఆ ప్రశ్నను తిరగవేశాడు. జరిగినదానిని చూసి, కంటికి కనబడని కారణాన్ని ఎంతవరకు అంచనా వేయవచ్చునన్నది ఆయన సమస్య. ఇందుకు ఒక బల్లను ఊహించాడు. దానిపై విసిరిన బంతి ఎక్కడో ఆగింది, ఆ స్థానం మనకు తెలియదు. తరువాత విసిరిన ప్రతి బంతీ ఆ స్థానానికి ఏ పక్కన ఆగినదో మాత్రమే తెలుస్తుంది. విసిరిన కొద్దీ మొదటి బంతి స్థానం గురించిన అంచనా మెరుగుపడుతుంది.

బేయీజ్ మరణానంతరం ఈ కాగితాలు మిత్రుడు రిచర్డ్ ప్రైస్ చేతికి వచ్చాయి. ప్రైస్ వాటిని పరిష్కరించి, పీఠికను, అనుబంధాన్ని చేర్చి పంపగా 1763లో రాయల్ సొసైటీ సమావేశంలో చదివారు. ఈ ఖ్యాతిలో ప్రైస్‌కు రావలసిన వాటా తక్కువేమీ కాదు. 1774లో ఫ్రాన్సులో లాప్లాస్ ఇదే పద్ధతిని స్వతంత్రంగా కనుగొన్నాడు. నేటి పాఠ్యపుస్తకాలలోని రూపం చాలావరకు లాప్లాస్ కృషి ఫలితమే.

కంప్యూటర్లలో ఉపయోగం

వాడుకరి ఉన్న పరిస్థితిని గ్రహించి తదనుగుణంగా పనిచేసే కంప్యూటర్ అనువర్తనాలకు ఈ పద్ధతి ఎంతో ఉపకరిస్తుంది, ఎందుకంటే సెన్సర్లు ఇచ్చే సమాచారం ఎప్పుడూ నిస్సందేహంగా ఉండదు. ఉదాహరణకు, ఒక వ్యక్తి ఉదయం తొమ్మిదింటికి 100 రోజులలో 60 రోజులు బస్సులోను, 40 రోజులు ఇంటిలోను ఉంటాడనుకుందాం. అతని ఫోను కుదుపును బస్సులో నూటికి 90 సార్లు, ఇంటిలో నూటికి 15 సార్లు నమోదు చేస్తుందనుకుందాం. అప్పుడు కుదుపు నమోదయ్యే 60 రోజులలో 54 బస్సువి, 6 ఇంటివి. కాబట్టి కుదుపు తెలియగానే, అతడు బస్సులో ఉన్నాడన్న సంభావ్యత 60 శాతం నుండి 90 శాతానికి పెరుగుతుంది. మొదటి 60 శాతం ఎక్కడి నుండి తేవాలన్నదే చిక్కు. ఈ పద్ధతిపై వచ్చిన విమర్శలలో చాలావరకు దీని గురించే.

మరణం

బేయీజ్ టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో మరణించాడు. ఈయన సమాధి లండనులోని బన్‌హిల్ ఫీల్డ్స్ శ్మశానంలో ఉంది. ప్రైస్ సమాధి కూడా అక్కడే ఉంది. పుస్తకాలలో తరచుగా కనిపించే చిత్రం బేయీజ్‌దేనని చెప్పడానికి సరైన ఆధారం లేదు.