గడ్డి కోసం నిలబడిన మనిషి – కన్నెగంటి హనుమంతు



పోయిన నెల ఏడో తరగతిలో పుల్లరి సత్యాగ్రహం పాఠం చెబుతుంటే ఒక బాబు లేచి, అడవిలో తనంతట తాను మొలిచే గడ్డికి పన్నెందుకు కట్టాలని అడిగాడు. నూరేళ్ల కిందట మన పల్నాడు రైతులు అడిగిందీ అదే. వాళ్ల ముందు నిలబడిన మనిషి కన్నెగంటి హనుమంతు.

ఆయనది దుర్గి దగ్గర మించాలపాడు. అప్పటికి సాగర్ కాలువలు లేవు. వాన పడితేనే పంట, పశువులే ఆస్తి. ఎండాకాలం వస్తే మందలను నల్లమల అంచు అడవులకు తోలుకెళ్లాల్సిందే. 1882 మద్రాసు అటవీ చట్టంతో ప్రభుత్వం అడవులను రిజర్వు చేసుకుంది. పశువుల మేతకు తలకింత అని రుసుం పెట్టింది. అదే పుల్లరి. కట్టకపోతే పశువులు బందెలదొడ్డికి పోయేవి.

1921లో సహాయ నిరాకరణ ఉద్యమం పల్నాడుకూ పాకింది. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు మాచర్ల వచ్చి ప్రజల పక్షాన నిలిచి జైలుకెళ్లారు. హనుమంతు గారు చుట్టుపక్కల ఊళ్లను కూడగట్టి పుల్లరి కట్టవద్దన్నారు. వసూలుకు వచ్చిన అధికారులకు చాకలి, మంగలి పనులు కూడా దొరకకుండా జనం వెలివేశారు. 1922 ఫిబ్రవరిలో పోలీసులు మించాలపాడు వచ్చారు. అక్కడ జరిగిన కాల్పుల్లో హనుమంతు గారు ప్రాణాలు విడిచారు.

అయితే అడవికి కాపుదల అక్కర్లేదా అని పిల్లలు అడగవచ్చు. తప్పకుండా కావాలి. మేత మితిమీరితే పశువులకు ఇష్టమైన గడ్డి ముందుగా పోతుంది. అవి ముట్టని జిల్లేడు, వయ్యారిభామ లాంటివి మిగులుతాయి. మేత మితంగా ఉంటే చాలాచోట్ల మేలే జరుగుతుంది. ఏపుగా పెరిగినవాటిని పశువులు కొరికేస్తే కింది చిన్న మొక్కలకు ఎండ తగులుతుంది, రకాలు పెరుగుతాయి. నార్వే, ఫిన్లాండ్ దేశాల చలికొండల్లో రెయిన్‌డీర్ మందలు పొదలను అదుపులో ఉంచడం వల్ల చిన్న చిన్న మొక్కలు బతుకుతున్నాయని శాస్త్రవేత్తలు గమనించారు. అక్కడా మంద మరీ ఎక్కువైతే నేల దెబ్బతింటుంది.

అంటే ఎన్ని పశువులు, ఎన్నాళ్లు మేశాయి, మళ్లీ మొలవడానికి గడ్డికి ఎంత గడువు దొరికింది అన్నదే అసలు లెక్క. రుసుం వసూలు చేసినంత మాత్రాన గడ్డికి ఆ గడువు దొరకదు. ఆ లెక్క తెలిసినవాళ్లు రోజూ మంద వెంట నడిచేవాళ్లు. వాళ్ల మాట వినకుండా అడవిని కాపాడాలనుకోవడం వల్లే పల్నాడులో నెత్తురు చిందింది.

ఈ ఆదివారం పిల్లలతో ఒక పని చేయించండి. పశువులు మేసే చోట ఒకటి, మేయని చోట ఒకటి, మీటరు పొడవు, మీటరు వెడల్పుతో గళ్లు గీసి ఎన్ని రకాల మొక్కలున్నాయో లెక్కపెట్టించండి. వాళ్ల తాతయ్యలు చిన్నప్పుడు గొడ్లను ఎక్కడికి తోలుకెళ్లేవారో అడిగి రాయమనండి. ఆ నోట్సు తెస్తే క్లాసులో అందరం కలిసి చదువుకుంటాం.