యెవగేనియా రుద్నేవా జీవిత చరిత్ర

యెవగేనియా రుద్నేవా 1920 డిసెంబరు 24న బెర్ద్యాన్స్క్ అనే ఊరిలో జన్మించింది. ఆ ఊరు ఉక్రెయిన్‌లో సముద్రం ఒడ్డున ఉంది. అమ్మానాన్నలకు ఆమె ఒక్కతే కూతురు. ఆమెను జెన్యా అని పిలిచేవారు. జెన్యాకు చుక్కలంటే చాలా ఇష్టం. మాస్కో విశ్వవిద్యాలయంలో చేరి ఖగోళశాస్త్రం చదివింది. అంటే చుక్కల చదువు. మా అవ్వ బడికి పోలేదు గానీ పిల్లలకోడి చుక్కల్ని చూసి ఎంత రాత్రి అయిందో చెప్పేస్తది.

1941 జూన్‌లో జర్మనీ సైన్యం సోవియట్ దేశం మీదికి వచ్చింది. అప్పుడు మరీనా రస్కోవా అనే ఆమె ఆడవాళ్ళతోనే విమాన దళాలు తయారుచేసింది. జెన్యా చదువు ఆపేసి అందులో చేరింది. ఆమె నావిగేటర్ అయింది. నావిగేటర్ అంటే వెనక సీట్లో కూర్చుని పైలట్‌కు దారి చెప్పే మనిషి.

వాళ్ళ విమానం పేరు పో-2. కట్టెతో, గుడ్డతో చేసినది. పైన కప్పు ఉండదు. గంటకు 150 కిలోమీటర్లు పోతే అదే ఎక్కువ. పగలు పోతే శత్రువులు కూల్చేస్తారు కాబట్టి రాత్రిపూటే పోయేవారు. దగ్గరికి రాగానే ఇంజను చప్పుడు తగ్గించి, గాలిలో జారుకుంటూ వచ్చి బాంబులు వేసేవారు. ఒక్క రాత్రిలోనే చాలాసార్లు పోయి వచ్చేవారు. చాలా కాలం పారాచూట్లు కూడా లేకుండానే పోయారు! జర్మన్లు వాళ్ళకు రాత్రి మంత్రగత్తెలు అని పేరు పెట్టారు. మా వైపు ఒక ఆడమనిషిని ఆ మాట అన్నారంటే ఇంక ఆమెను ఊర్లో బతకనియ్యరు. వీళ్ళేమో ఆ పేరుకు గర్వపడ్డారు. అది చదివి నేను చాలాసేపు ఆలోచించాను.

తర్వాత జెన్యా దళం మొత్తానికి పెద్ద నావిగేటర్ అయింది. పెద్ద అయింది కదా, కింద ఉండి పని చెప్పొచ్చు అనుకుంటాం. కానీ కొత్తగా వచ్చిన పైలట్లతో తనే కూర్చుని పోయేది, వాళ్ళకు భయం పోవాలని. 1944 ఏప్రిల్ 9 రాత్రి కూడా అట్లాగే ప్రస్కోవ్యా ప్రోకోఫ్యేవా అనే పైలట్‌తో కెర్చ్ ఊరి మీదికి పోయింది. అది ఆమెకు 645వ సారి. కింద నుంచి కాల్చారు. విమానం అంటుకుని కాలుతూ పడిపోయింది. మిగతా విమానాల్లో ఉన్న స్నేహితురాళ్ళు చూశారు గానీ ఏమీ చెయ్యలేకపోయారు. ఇద్దరూ చనిపోయారు. జెన్యాకు 23 ఏళ్ళే.

1944 అక్టోబరులో ఆమెకు సోవియట్ యూనియన్ వీరురాలు అనే బిరుదు ఇచ్చారు. 1972లో క్రిమియాలో ఒక చిన్న గ్రహాన్ని కనిపెట్టి దానికి రుద్నేవా అని పేరు పెట్టారు. దాని నంబరు 1907. అది ఉత్త కళ్ళకు కనిపించదు, దూరదర్శిని కావాలి.

– 9వ తరగతి విద్యార్థిని