మహాదేవి అక్క అయిన విధము

వీరశైవుల యిండ్లలోను మఠములలోను బసవేశ్వరుని పటముచెంత అక్కమహాదేవి పటము తరచుగా కానవచ్చును. ఒడలెల్ల కప్పిన కేశములు, అరచేత ఇష్టలింగము, చూపు అంతయు ఆ లింగముమీదనే. పసిపిల్లలు మొదలు వృద్ధులవరకు ఆమెను అక్క అనియే పిలుతురు. తెలుగులోను కన్నడములోను ఈ మాటకు అర్థము ఒక్కటే. మనకంటె ముందు పుట్టిన తోబుట్టువు. అయితే మహాదేవి కల్యాణపట్టణమునకు వచ్చునప్పటికి నవయువతి. అచట నున్న శరణులలో పెక్కురు వయస్సున ఆమెకు పెద్దలు. తమకంటె చిన్నదానిని ఆ పెద్దలు అక్క అని యేల పిలిచిరి? ఆ పుణ్యశీల చరిత్రమును ఈ ప్రశ్నతో చదువవలెనని నా మనవి.

మహాదేవి 12వ శతాబ్దమున, నేటి కర్ణాటక రాష్ట్రమునందలి శివమొగ్గ జిల్లా శికారిపుర ప్రాంతమున నున్న ఉడుతడి గ్రామమున జన్మించెను. తల్లిదండ్రులు శివభక్తులు. వారి పేర్లు నిర్మలుడు, సుమతి అని చామరస కవి చెప్పిన కథవలన లోకమున ప్రసిద్ధము. బాల్యముననే ఆమెకు గురువువలన లింగదీక్ష లభించెను.

శరణుల ధర్మమున స్త్రీకిని పురుషునికిని దీక్షయందు భేదము లేదు. ఇరువురికిని ధరించు లింగ మొక్కటే, చేయు పూజ ఒక్కటే. జనన మరణములవలనను, నెలనెల స్త్రీలకు కలుగు ఋతుధర్మమువలనను లింగధారికి సూతకము లేదని శరణులు బోధించిరి. కావున ఆడుబిడ్డ తన అరచేతి లింగమును ఏ దినమునను మానక తానే పూజించుకొనవచ్చును. నడుమ పూజారితో పనిలేదు. మహాదేవి జీవితమునకు ఇదియే పునాది. స్వామితో తానే నేరుగా మాటలాడుట ఆమెకు చిన్ననాటనే అలవడెను. అట్టి అలవాటు గలవారు రాజులయెదుట తడబడరు.

శరణులు తమ వచనముల తుదిని ఒక దైవనామమును ముద్రగా నుంచుట ఆచారము. దీనినే అంకితమందురు. బసవేశ్వరుని అంకితము కూడలసంగమదేవుడు. అల్లమప్రభువు అంకితము గుహేశ్వరుడు. మహాదేవి అంకితము చెన్నమల్లికార్జునుడు. చెన్న అనగా సుందరుడని అర్థము. మన తెలుగునందలి చెన్ను, చెన్నగు అను మాటలు దీనికి చుట్టములే. ఇక మల్లికార్జునుడన్ననో మన శ్రీశైలస్వామి. కన్నడదేశపు కన్య తెలుగునేలమీది స్వామిని పతిగా వరించి, ఆయన పేరితోనే తన ప్రతి మాటను ముగించినది. తండ్రి పేరు గాని, కులము పేరు గాని, ఏలిక పేరు గాని ఆ వచనములకు ముద్ర కాలేదు. తాను కోరుకొన్న దేవుని పేరే ఆమెకు గుర్తుగా నిలిచినది.

ఉడుతడిని పాలించువాడు కౌశికుడను రాజు. అతడొకనాడు వీథిని ఊరేగుచు మహాదేవిని చూచి మోహించెను. అతడు లింగధారి కాడు. పెండ్లికి ఒప్పింపుడని తనవారిని ఆమె యింటికి పంపెను. ఇటుపై జరిగిన దానిని కవులు రెండు విధములుగా చెప్పిరి. మహాదేవికి కొలదికాలము తరువాతివాడైన హంపి హరిహరుడు తన మహాదేవియక్కన రగళెలో, తల్లిదండ్రులకు ఆపద వాటిల్లునని తెలిసి ఆమె రాజును పెండ్లాడుటకు సమ్మతించెననియు, సమ్మతించుచు కొన్ని నియమములు విధించెననియు వ్రాసెను. తనకు తోచినట్లు శివపూజ చేసికొనుట, తనకు తోచినట్లు శివభక్తులతో గోష్ఠి సలుపుట, తనకు తోచినట్లు గురుసేవయందుండుట అను మూడింటికి రాజు అడ్డు రాగూడదు. రాజు అంగీకరించెను గాని మాట నిలుపుకొనలేదు. నియమము తప్పినంతనే ఆమె అంతఃపురము విడిచి వెడలిపోయెను. 15వ శతాబ్దమున విజయనగరమున ప్రౌఢదేవరాయల కాలమందుండిన చామరసుడు తన ప్రభులింగలీలెలో ఆ వివాహమే జరుగలేదని, ఆమె కన్యగానే రాజును త్యజించి వెడలినదని చెప్పెను. తమిళమున శివప్రకాశస్వామి రచించిన ప్రభులింగలీల ఈ చామరసుని కథ ననుసరించినదే.

ఏది నిజమని మన పెద్దలు వాదించుకొనుట కలదు. పెండ్లి జరిగినదన్నచో ఆమె పవిత్రతకు లోపమని కొందరు భయపడుదురు. ఆ భయమునకు కారణము కానరాదు. హరిహరుడు ఆమెకు పరమభక్తుడు. ఆమెను కించపరచుట ఆయన తలంపు కాదు. రెండు కథలయందును సమానముగా నున్న అంశము నొకదానిని మనము గమనింపవలెను. మహాదేవి తన యిచ్ఛను తన నోటనే చెప్పినది. తలవంచుకొని మౌనముగా ఊరకుండలేదు. ఏమి కావలెనో, ఏమి కూడదో స్పష్టముగా పలికినది. ఆ మాటను మన్నింపని చోట రాజభవనమైనను నిలువలేదు. మరణము లేనివాడు, రూపము లేనివాడు అయిన చెన్నమల్లికార్జునుడే తన భర్త యనియు, చచ్చి చెడిపోవు లౌకిక పతులతో తనకు పనిలేదనియు ఆమె వచనముల సారము.

భవనముతోపాటు నగలను, వలువలను కూడ ఆమె విడిచినది. కేశములే ఆమెకు ఆచ్ఛాదనమైనవి. ఇది విని కొందరు సిగ్గుపడుదురు, కొందరు వింత పోవుదురు. రాజు కోరినది దేహమును. ఆ దేహమును అలంకరించు వస్తువులన్నియు రాజు సొత్తు. కావున ఆమె అతని సొత్తునంతయు అతనికే వదలి, తనదైన భక్తిని మాత్రము తీసికొని బయలుదేరినదని గ్రహింపవలెను. త్రోవలో ఎదురైన అవమానములు కొంచెము కావు. పురుషులు వెంటబడిన సందర్భములు ఆమె వచనములలోనే కానవచ్చును. ఆకలి, దప్పిక, నిద్ర, ఒంటరితనము అను నాలుగు కష్టములను తానెట్లు దాటుచున్నదో కూడ ఆమె ఒక వచనమున చెప్పుకొనినది. తన బాధను దాచక చెప్పుట, చెప్పుచునే దానిని స్వామికి అర్పించుట ఆమె రీతి.

ఆమె చేరబోవునది కల్యాణము. నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణమే ఆ పట్టణము. బిజ్జలుని కొలువున భాండాగారాధికారియైన బసవేశ్వరుడు అచట శరణులను కూడగట్టి అనుభవమంటపమున గోష్ఠులు జరుపుచుండెను. అల్లమప్రభువు శూన్యసింహాసనాధిపతి. చెన్నబసవన్న, సిద్ధరామయ్య, మడివాళ మాచయ్య మొదలగు మహనీయులు ఆ సభయందలివారు. 15వ శతాబ్దమున శివగణప్రసాది మహాదేవయ్య శరణుల వచనములను సంభాషణరూపమున కూర్చిన శూన్యసంపాదనె యను గ్రంథము మహాదేవి ఆ సభకు వచ్చిన ఘట్టమును విపులముగా వర్ణించినది. తొలుత కిన్నరి బొమ్మయ్య ఆమె వైరాగ్యమును పరీక్షించి, తుదకు ఆమె పాదములకు మ్రొక్కెను. పిమ్మట ఆమె సభాప్రవేశము చేసెను.

అల్లమప్రభువు ఆమెను వెంటనే కూర్చుండుమనలేదు. వయసులో నున్న స్త్రీవి, నీ భర్త యెవరో చెప్పిన గాని ఇచట చోటు లేదను భావముతో ప్రశ్నించెను. ఆమె తన పతి చెన్నమల్లికార్జునుడని బదులు చెప్పెను. ప్రభువు అంతటితో విడువలేదు. దేహాభిమానము నశించిన దానివైనచో వలువలు విడిచియు కురులతో దేహము నేల కప్పుకొంటివని అడిగెను. ఇది సామాన్యమైన ప్రశ్న కాదు. మరియొకరైనచో కోపగించియుందురు, లేదా కన్నీరు పెట్టుకొనియుందురు. ఆమె శాంతముగా, లోపల పండనిదే పండునకు పైరంగు మారదని యుపమానము చెప్పి, తన దేహము చూచి ఎదుటివారి మనస్సు నొచ్చుకొనునేమో యను దయచేతనే కప్పుకొంటినను భావమున సమాధానమిచ్చెను. ప్రశ్న వెంట ప్రశ్న, దాని వెంట బదులు. సభ అంతయు చెవియొగ్గి తుదివరకు వినెను.

ఈ ఘట్టమున మనము రెండు సంగతులు తెలిసికొనవలెను. మొదటిది, ప్రభువు ఆమెను ఆడుది గదా యని తేలికగా విడిచిపెట్టలేదు. సాధకుడైన పురుషు నెంత గట్టిగా పరీక్షించునో ఆమెనును అంత గట్టిగనే పరీక్షించెను. అదియే ఆమెకు చేసిన నిజమైన గౌరవము. రెండవది, ఆమె బదులు విన్న పిమ్మట పెద్దలు తమ అభిప్రాయమును మార్చుకొనిరి. ప్రభువంతటివాడు ఆమె స్థితిని మెచ్చుకొనెను. బసవేశ్వరుడు ఆమె భక్తికి సంతోషించెను. చెన్నబసవన్న ఒక వచనమున పూర్వుల పలుకులను, తనకాలపు శరణుల పలుకులను తూచి చూచి, మహాదేవి పలుకు ఒక్కటి వాటన్నింటికి సాటి యని నిర్ణయించెను. అక్క అను పేరు వయస్సును బట్టి వచ్చినది కాదని ఇప్పుడు తేటపడినది గదా! అడిగిన దానికి అనుభవముతో బదులు చెప్పగలిగినందున వచ్చిన బిరుదది.

ఆమె పేరిట నేడు లభించు వచనములు మూడువందల యేబదికి పైబడినవి. యోగాంగత్రివిధి అను త్రిపదుల కృతియు ఆమెదిగా ప్రసిద్ధము. ఆమె భాష యింటివాకిట వినబడు భాష. తాను అల్లుకొన్న గూటిలో తానే చిక్కి చచ్చు పట్టుపురుగు, అడవి తలచుకొను ఏనుగు, చిలుకలు, కోయిలలు ఆమె వచనములలో కానవచ్చును. స్వామిని వెదకుచు ఆ పక్షులనే దారి అడిగినది. ఆమె ఒక్కతె మాత్రమే గాదు. ఆ కాలమున ముప్పదిమందికి పైగా స్త్రీలు వచనములు చెప్పిరి. ముక్తాయక్క, సత్యక్క, నీలాంబిక, కాళవ్వ మొదలగువారు వారిలో కొందరు. నేలరాలిన బియ్యపుగింజ లేరుకొని జీవించు ఆయ్దక్కి లక్కమ్మ, తన భర్త మారయ్య అవసరమునకు మించి బియ్యము తెచ్చినందుకు అతనిని మందలించి తిరిగి పోసిరమ్మని పంపిన ధీరురాలు. వీరిలో పెక్కురకు తమ తమ అంకితము వేరుగా కలదు. ఈ వచనములు శతాబ్దములపాటు తాళపత్రములలో నుండగా, ఫకీరప్ప గురుబసప్ప హళకట్టిగారు ఊరూర తిరిగి సేకరించి 1923లో వచనశాస్త్రసారము ప్రకటించిరి. 1973లో ఎ. కె. రామానుజన్‌గారి ఆంగ్లానువాదమువలన అక్క మాట దేశాంతరములకు చేరినది. 2017లో విజయపురమునందలి కర్ణాటక రాష్ట్ర మహిళా విశ్వవిద్యాలయమునకు ఆమె పేరే పెట్టిరి.

కల్యాణమున గౌరవము లభించినను ఆమె అచట స్థిరపడలేదు. శరణులవద్ద సెలవు గైకొని శ్రీశైలమునకు పయనమయ్యెను. పేరితో పిలుచుచు వచ్చిన స్వామిని చేరుటకు నల్లమల యడవులు దాటి మన నేలకు వచ్చెను. అచటి కదళీవనమున ఆమె చెన్నమల్లికార్జునునియందు ఐక్యమయ్యెనని సంప్రదాయము. అపుడు ఆమె వయస్సు మిక్కిలి చిన్నదని చెప్పుదురు. శ్రీశైలము నేడు ఆంధ్రప్రదేశమున నంద్యాల జిల్లాలోనిది. పాతాళగంగ రేవునుండి కృష్ణానదిమీద పడవలో ఎగువకు పోయినచో అక్కమహాదేవి గుహలు కలవు. సహజముగా నేర్పడిన రాతిగుహ. ఇరుకైన చీకటిదారి చివర శివలింగము. ఆమె అచట తపస్సు చేసినదని భక్తుల విశ్వాసము. ప్రతి సంవత్సరము ఉగాదికి కన్నడదేశమునుండి వేలకొలది భక్తులు కాలినడకన శ్రీశైలము చేరుచుందురు. వారికి తోవ చూపినవారిలో అక్కయు ఒకతె యని భావించుట తప్పు కాదు.

ఇక మన సంగతి. చైత్రపూర్ణిమనాడు అక్క జయంతి జరుపుకొందుము. పటమునకు పూలమాల వేయుదుము, వచనములు పాడింతుము. ఆమె చెప్పిన మాటలను పాడించు మనము, మన ఆడుబిడ్డల మాటలను ఎంతవరకు విందుము? పాఠశాలలో పిల్లలకు తెలుగు బోధించినవాడను గనుక ఒక్కమాట చెప్పుదును. ప్రశ్న అడిగినపుడు వెనుకబల్లలోని బాలిక పెదవులు కదలును గాని మాట వెలికిరాదు. తెలియక కాదు, ఇంటియొద్ద ఆమెను ఎవరును ఏమియు అడుగకుండుటచేత బదులు చెప్పు అలవాటు తప్పినది. సంబంధము నిశ్చయమైన పిమ్మట పిల్లకు తెలియజేయు తల్లిదండ్రులు మనలో ఇంకను కలరు. మెడలో లింగము కట్టునపుడు కొడుకునకు కూతునకు భేదము చూపని మనము, మాట అడుగునపుడు భేదము చూపుట న్యాయమా? కౌశికుడు తప్పినది ఆ నియమమునే గదా!

మఠాధిపతులకును సంఘపెద్దలకును నాదొక విన్నపము. శివానుభవగోష్ఠులలో బాలికలచేత ప్రార్థనాగీతము పాడించి పంపివేయక, ఒక వచనము నిచ్చి అర్థము చెప్పుమనుడు. చెప్పిన దానిపై పెద్దలు ప్రశ్నింపుడు, ఆమె బదులు తుదివరకు వినుడు. తప్పున్న సవరింపుడు, ఒప్పైన మెచ్చుకొనుడు. అనుభవమంటపమున జరిగినది ఇంతే. ప్రభువు అడిగెను, మహాదేవి బదులు చెప్పెను, సభ వినెను. అందువలననే ఉడుతడి బాలిక లోకమునకు అక్క అయినది.