బస్సు నంబరులో జెడ్ ఎందుకంటే...

గుంటూరు మిర్చి యార్డుకు, చిలకలూరిపేటకు, ఒంగోలుకు మనం ఎక్కే ఆర్టీసీ బస్సు కథ మొదలైంది ఇక్కడ కాదు, హైదరాబాద్‌లో. 1886లో పుట్టి 1911లో గద్దెనెక్కిన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో, 1932 జూన్‌లో, నిజాం రైల్వేనే 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలెట్టింది. నంబరులోని జెడ్ అక్షరం ఆయన అమ్మీజాన్ జెహ్రా బేగం గుర్తుగా పెట్టిందేనని చెప్పుకుంటారు.

1948లో రాజ్యం పోయింది, బస్సులు మాత్రం ఆగలేదు. 1958 జనవరి 11న ఏపీఎస్‌ఆర్టీసీ ఏర్పడింది, ఆ తర్వాత మన జిల్లాలకూ వచ్చింది. నిజాం 1967లో ఇంతెఖాల్ అయ్యారు. ఆయన పాలన మీద ఎన్ని వాదనలున్నా, సొంత బండి లేని పత్తి కూలీకి, కాలేజీకెళ్లే మన ఆడపిల్లకు దారి చూపిన పని అప్పుడే మొదలైందన్నది మరచిపోకూడదు.